ఆఖరి ఘడియకు ముందు గడువు

1791 జూలైలో మేజర్ గౌడీ దళం రాయకోట దుర్గాన్ని పట్టుకుంది. మరుసటి ఏడు శ్రీరంగపట్నం ఒప్పందంతో అది బారామహల్ సీమతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1799 మార్చిలో టిప్పు సుల్తాను మీదికి కదిలిన జనరల్ హారిస్ సైన్యం ఇక్కడ విడిది చేసి మైసూరు సీమలో అడుగుపెట్టింది. కోట కథ చెప్పేవాళ్లు మామూలుగా ఇక్కడ ఆగిపోతారు. ఆ గుడారాల్లోని ఆంగ్లేయులకు చావును ఎలా ఎదుర్కోవాలని వాళ్ల మతం నేర్పిందో ఎవరూ అడగరు.

నేర్పిందైతే చాలా వివరంగానే. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో రోగిని చూడబోయే పాదిరికి ఒక క్రమం ఉంది. రోగి నిజంగా పశ్చాత్తాపపడ్డాడా, పగవాళ్లను క్షమించాడా, తాను నొప్పించినవాళ్లను మన్నింపు అడిగాడా అని విచారించాలి. అంతటితో వదలదు: అప్పులెన్ని, రావలసిన బాకీలెన్ని, వీలునామా రాశాడా అనీ కనుక్కోవాలి. పరలోకం లెక్కతో పాటు షావుకారు లెక్కా తేలాలన్నమాట! ఒంట్లో బాగున్నప్పుడే ఆస్తిపాస్తులు సర్దుకొమ్మని జనానికి తరచూ గుర్తుచేయాలనీ అందులోనే ఉంది. హఠాన్మరణం నుంచి కాపాడమని వేడుకోలు వేరే.

అదంతా జరగాలంటే వ్యవధి కావాలి. 1817లో బెంగాల్లో చెలరేగి దక్షిణాదికి పాకిన కలరా ఆ వ్యవధి ఇచ్చేది కాదు.

బారామహల్లో కెప్టెన్ రీడ్ కింద రెవెన్యూ పని నేర్చుకున్న థామస్ మన్రో సంగతే చూడండి. దత్తమండలాల కలెక్టరై, 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి వదిలి స్వదేశం వెళ్లేముందు పాత జిల్లాలను చివరిసారి చూసి రావాలని బయల్దేరాడు. భార్య అప్పటికే ఇంగ్లండుకు ఓడెక్కింది. 1827 జూలై 6న పత్తికొండ మకాంలో కలరా తగిలింది. ఆ రాత్రికే ప్రాణం పోయింది. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

కలరా ఇవ్వని గడువును రాయలసీమ జనం కథలో ఇచ్చారు. వేంపల్లె దగ్గర గండిలో, పాపాఘ్ని నది ఒడ్డు కొండల నడుమ, రాముడి కోసం కట్టిందని చెప్పే బంగారు తోరణం మన్రోకు కనిపించిందట. అది చావు దగ్గరపడ్డ మహానుభావులకే కనిపిస్తుందని అక్కడివాళ్లు చెప్పుకొంటారు. తమ రాముడి తోరణాన్ని ఒక క్రైస్తవ దొరకు చూపించడంలో ఆ జనానికి ఏ ఇబ్బందీ తోచలేదు.

తెలుగు క్రైస్తవులు మాత్రం పశ్చాత్తాపాన్ని రోగి మంచం దాకా ఆపలేదు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌధరి దాన్ని కీర్తనగా కట్టి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నోట ఆదివారాలు పాడించాడు. ఆ పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చేరాయి. కతోలికులకు పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనం ఉంది, ఏటా నుదుట బూడిద పెట్టించుకొనే విభూది బుధవారం ఉంది. చౌధరి 1890 దాకా, ఎనభై ఆరేళ్లు దాటి బతికాడు.