మిషనులో సగం బల్లే

కుట్టు మిషను చరిత్ర అంటే సాధారణంగా సూది చరిత్రే చెబుతారు. మొన దగ్గర కన్నమున్న సూది, కింద ఆడే షటిల్, రెండు దారాలు మెలిపడే కుట్టు, వీటిమీద 1846లో ఇలియాస్ హోవ్‌కు దక్కిన పేటెంటు: కథ అక్కడ మొదలై కరెంటు మోటారు దగ్గర ఆగుతుంది. మిషనును చెక్కలోకి దింపి, దాని పీఠం బల్ల పైభాగంతో సమమట్టంగా ఉండేలా బిగించడాన్ని మాత్రం వడ్రంగి సోకుగా భావించి వదిలేస్తారు. ఇది పెద్ద పొరపాటని నా అభిప్రాయం. సూది కుట్టు వేయగలిగింది, నిజమే. కానీ ఆ కుట్టుతో రోజంతా పనిచేసి బతకగలిగే వీలు కల్పించింది బల్ల.

హోవ్ యంత్రంలో గుడ్డ నిలువుగా వేలాడేది. ముళ్లున్న లోహపు పలకకు గుడ్డను గుచ్చాలి. ఆ పలక పొడవెంతో కుట్టు అంతే సాగేది, ఆపైన గుడ్డ విప్పి మళ్లీ గుచ్చుకోవాలి. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన యంత్రంలో సూది పైనుంచి నిలువుగా దిగింది, గుడ్డ సమతలమైన పీఠం మీద పరుచుకుంది. ఆ తొలి మిషన్లను పంపిన చెక్కపెట్టే కొన్నవాళ్లకు స్టాండుగానూ ఉపయోగపడింది, కాలితో తొక్కే పెడలు కూడా దానికే అమరింది. గుడ్డ అడ్డంగా పరుచుకోవడం, రెండు చేతులకూ తీరిక దొరకడం ఒకేసారి జరిగాయన్నమాట. ఇందులో ఒక మర్మముంది. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం కిందున్న పళ్లు ముందుకు నెట్టేది తమ మీదున్న కాస్త గుడ్డనే. మిగతా గుడ్డ పీఠం అంచు మీదుగా జారి వేలాడితే దాని బరువు కుట్టును వెనక్కి లాగుతుంది. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతాయి, సూది వంగుతుంది. చీరకు ఫాల్ కుట్టేటప్పుడు, దుప్పటి అంచు మడిచేటప్పుడు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. పీఠం బల్లతో సమంగా ఉంటే ఆ బరువంతా బల్ల మోస్తుంది.

మిషనును చెక్కలో దింపింది కుట్టు కోసం కాదు, ముందుగదిలో దాన్ని దాచిపెట్టడానికని కొందరు అంటారు. ఇందులో కొంత నిజముంది. సింగర్ కంపెనీ 1868లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊళ్లో కేవలం చెక్కపని కోసమే ఫ్యాక్టరీ పెట్టింది. మిషను తలను లోపలికి మడిచి పైన పలక మూసే బల్లలు పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా బాగా వాడుకలోకి వచ్చాయి. మడిచి మూయడం సంసారుల ముచ్చటే. అయితే పీఠాన్ని సమమట్టంగా దింపడం వేరు, తలను మడిచి దాచడం వేరు. దుస్తుల ఫ్యాక్టరీల్లో దేన్నీ ఎవరూ దాచరు. అక్కడా మిషను పీఠం బల్లలోకి దిగే ఉంటుంది. అందం ఊసే లేనిచోట కూడా ఆ అమరిక నిలిచిందంటే దాని అవసరం పనిలోనే ఉందన్నమాట.

ఇంతకన్నా బలమైన ఆధారం ఆ బల్లకు పెట్టిన కోతలోనే దొరుకుతుంది. సింగర్ 15, 66, 201 వంటి పూర్తి సైజు మోడళ్ల పీఠం సుమారు పద్నాలుగున్నర అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు. వెనక అంచున బందుల కోసం రెండు రంధ్రాలుంటాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ కంపెనీలు మోడల్ 15ను అనుకరించినప్పుడు ఈ కొలతనూ అనుసరించాయి. మన దేశంలో కలకత్తాలో తయారైన ఉషా, లూధియానాలో తయారైన రకాలు కూడా దాదాపు ఇదే దారిలో నడిచాయి. అందుకే మన దుకాణాల్లో హెడ్డు వేరు, ఇనుప స్టాండు వేరు, చెక్క టేబుల్ వేరుగా దొరుకుతాయి. హెడ్డు పాడైతే టేబుల్ పారేయక్కర్లేదు, టేబుల్ పుచ్చిపోతే ఊళ్లో వడ్రంగి అదే కొలతకు కొత్తది చేసిస్తాడు. ఒక కంపెనీ కొలత ఇలా అందరి సొత్తయింది.

బల్ల లేకుండానే మనవాళ్లు తరతరాలుగా గొప్పగా కుట్టలేదా అని ఇంకొకరు అడగవచ్చు. కుట్టారు. తెలంగాణలో మేరవాళ్లు, అన్ని ఊళ్లలోనూ దర్జీలు చేతిమిషను నేలమీద పెట్టుకుని చక్కటి జాకెట్లు, చొక్కాలు కుట్టారు. వాళ్ల నైపుణ్యానికి వంక పెట్టలేం. కానీ చేతిమిషనుకు ఒక చెయ్యి చక్రం తిప్పడానికే పోతుంది, గుడ్డకు మిగిలేది ఒక్క చెయ్యే. ఆ లోటును పూడ్చింది వాళ్ల మెడా నడుమూ. నైపుణ్యం పనిముట్టు లోపాన్ని కప్పిందంటే ఆ లోపం లేదని కాదు.

తేలికపాటి కరెంటు మిషన్లు వచ్చాక బల్ల కాలం చెల్లిందనే మాట కూడా నిలవదు. వాటిని మామూలు బల్ల మీద పెడితే పీఠం కొన్ని అంగుళాలు పైకి లేస్తుంది, భుజాలు బిగుసుకుంటాయి, గుడ్డ జారుతుంది. పైగా ఒక్కో మోడల్‌దీ ఒక్కో ఆకారం కావడంతో పాత కోతలకు అవి సరిపోవు. అందుకే నేడు ఇంట్లోనే సొంత బల్లలు చేసుకునేవాళ్లు కనిపిస్తున్నారు. పీఠం ఆకారానికి పలకలో కోత పెట్టి, పీఠం ఎత్తెంతో అంత లోతున కింద అర బిగించి, మోకాళ్లకు చోటు వదిలి, అదరకుండా కాళ్లకు అడ్డకర్రలు కొట్టుకుంటున్నారు. కంపెనీలు వదిలేసిన సగాన్ని వాళ్లు తమ చేతులతో పూర్తిచేస్తున్నారు. అందువల్ల ఉపాధి పేరుతో ఎవరికైనా మిషను ఇచ్చేటప్పుడు ఒట్టి హెడ్డు ఇచ్చి సరిపెట్టకూడదు, దాన్ని దింపుకునే బల్ల కూడా ఇవ్వాలి. చరిత్ర రాసేవాళ్లు కూడా పేటెంటు పొందినవాళ్ల పేర్ల పక్కన ఆ బల్లలు చేసిన వడ్రంగులకు చోటివ్వాలి.