చక్కెర మానిన ఉపవాసం: క్రైస్తవ శ్రమకాల ఆహారనియమాల్లో ఒక మలుపు

విభూది బుధవారం మొదలుకొని ఈస్టర్ వరకు సాగే నలభై రోజుల దీక్షాకాలాన్ని ఆంగ్లంలో లెంట్ అంటారు. తెలుగు కథోలికులు దీనిని తపస్సుకాలమనీ, ప్రొటెస్టెంట్ సంఘాలవారు శ్రమకాలమనీ వ్యవహరిస్తారు. బ్రిటన్, ఐర్లండ్, అమెరికా వంటి దేశాల్లో ఈ రోజుల్లో ఏం మానుకుంటున్నారని అడిగితే మిఠాయిలు, చాక్లెట్టు, టీలో చక్కెర అన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. చెప్పేవారికీ వినేవారికీ అది తరతరాల ఆచారంగానే తోస్తుంది. కాని ఉపవాస నియమాల చరిత్రను వరుసగా పరిశీలిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. మాంసం, గుడ్లు, పాలు, వెన్న, జున్ను వంటివాటిని ఏదో ఒక కాలంలో చర్చి నిషేధించింది. ఆ నిషిద్ధపదార్థాల పట్టికలో చక్కెర లేదు. పైగా మధ్యయుగపు సంపన్నుల ఉపవాస భోజనంలో దానిది గౌరవస్థానం. అప్పటి అనుమతి ఇప్పటి త్యాగంగా ఎలా మారింది? దీనికి సమాధానం వేదాంతగ్రంథాల్లో కొంతే దొరుకుతుంది. మిగిలినది వంటింట్లో, ఓడరేవుల్లో, చెరకుతోటల్లో వెతకవలసి ఉంటుంది.

నియమం చెప్పినది, చెప్పనిది

క్రీ.శ. 325లో జరిగిన నైసియా మహాసభ అయిదవ నియమంలో నలభై రోజుల కాలం ప్రస్తావన ఉంది. అది అప్పటికే అందరూ ఎరిగిన విషయంగా అక్కడ కనిపిస్తుంది తప్ప, ఏం తినాలి, ఏం తినరాదు అన్న వివరం లేదు. అయిదవ శతాబ్దపు చర్చి చరిత్రకారుడు సోక్రటీస్ స్కొలాస్టికస్ తనకాలపు ఆచారభేదాలను నమోదు చేశాడు. కొందరు ప్రాణమున్న దేనినీ ముట్టరు. కొందరు చేపలు మాత్రం తింటారు. మరికొందరు చేపలతోపాటు పక్షిమాంసాన్నీ అనుమతిస్తారు. గుడ్లూ పండ్లూ మానేవారున్నారు. ఎండురొట్టెతో సరిపెట్టుకొనేవారూ ఉన్నారు. ఇంతటి వైవిధ్యాన్ని చూచి ఆయన నొచ్చుకోలేదు. ఈ విషయమై లిఖితపూర్వకమైన ఆజ్ఞ లేనందువల్ల అపొస్తలులు దీనిని ఎవరి ఇచ్ఛకు వారికే వదిలారని ఆయన భావన. ఆధునిక కాలపు స్వచ్ఛందదీక్షను కొత్త పోకడగా భావించేవారు ఈ సాక్ష్యాన్ని గమనించవలసి ఉంది.

ఆ స్వేచ్ఛ క్రమంగా సన్నగిల్లింది. 692 నాటి ట్రుల్లో సభ గుడ్లనూ జున్నునూ శ్రమకాలంలోని శని, ఆదివారాల్లో సైతం నిషేధించింది. పశ్చిమ ఐరోపాలో పదమూడవ శతాబ్దం నాటికి మాంసం, గుడ్లు, పాడి పదార్థాలు వర్జ్యమన్న నియమం స్థిరపడింది. థామస్ అక్వినాస్ తన 'సుమ్మా థియలాజికా'లో దీనికి చెప్పిన కారణం ఆసక్తికరం. శరీరవాంఛలను అదుపుచేయడం ఉపవాస లక్ష్యం. కనుక నాలుకకు అత్యంత ప్రీతికరమై, దేహాన్ని ఉద్రేకపరచే ఆహారాన్ని మానాలి. నేలమీద తిరిగే జంతువుల మాంసం, వాటినుండి పుట్టిన పాలు, గుడ్లు అటువంటివి.

నాలుకకు ప్రీతికరమైనది మానాలన్నప్పుడు తీపి మాట ఏమిటి? అక్వినాస్ ఈ ప్రశ్నకు మరో దారిలో వచ్చాడు. ఉపవాసదినాన ఔషధపాకాలు తినవచ్చునా అన్న సందేహానికి ఆయన ఇచ్చిన సమాధానం ఇది: అవి కొంత పోషణనిచ్చినా, వాటిని ప్రధానంగా అరుగుదలకోసం తీసుకొంటారు, కనుక ఇతర మందులలాగే అవీ ఉపవాసాన్ని భంగపరచవు, మందు పేరు చెప్పి ఆహారంగా కడుపునిండా తింటే మాత్రం అది మోసం. ఆయన ఉద్దేశించిన పదార్థానికి లాటిన్‌లో 'ఎలెక్టువారియం' అని పేరు. మన వైద్యపరిభాషలో దానికి సరిగ్గా సరిపోయే మాట లేహ్యం. పోలిక అర్థానికే పరిమితం కాదు. ఆ లాటిన్ మాటకు మూలంగా చెప్పే గ్రీకు ధాతువూ, లేహ్యానికి మూలమైన సంస్కృత 'లిహ్' ధాతువూ ఒకే కుదురునుండి వచ్చినవి. రెండింటికీ నాకడమనే అర్థం. మధ్యయుగపు లేహ్యాలు తేనెతోనో చక్కెరతోనో పాకం పట్టినవి. కావున లేహ్యానికి దొరికిన మినహాయింపు చక్కెరకూ దక్కింది. ఈ సమాధానం ప్రాముఖ్యాన్ని ఆహారచరిత్రకారుల దృష్టికి తెచ్చినవాడు సిడ్నీ మింట్జ్. ఆయన 1985లో ప్రకటించిన 'స్వీట్‌నెస్ అండ్ పవర్' ఈ రంగంలో నేటికీ తప్పనిసరి గ్రంథం.

ఆ కాలపు ఐరోపాలో చక్కెర ఔషధవిక్రేత దుకాణంలో మిరియాలు, అల్లం, దాల్చినచెక్కల సరసన ఉండే సరుకు. దాని పేరే దాని ప్రయాణాన్ని చెబుతుంది. సంస్కృత శర్కర పారశీకంలో షకర్‌గా, అరబ్బీలో సుక్కర్‌గా మారి లాటిన్‌లోకి, అక్కడినుండి ఐరోపా భాషల్లోకి చేరింది. అదే శర్కర ప్రాకృతంలో సక్కరగా మారి తెలుగులో చక్కెర అయింది. మన ఖండశర్కరలోని 'ఖండ' శబ్దమే ఆంగ్లంలో క్యాండీగా నిలిచింది. దూరదేశపు సుగంధద్రవ్యంగా వచ్చినది కనుక దానిని ఆహారంగా లెక్కించి నిషేధించాలన్న ఆలోచన నాటివారికి కలగలేదు. పాలు కూడదు గనుక ధనికుల ఇళ్ళలో బాదంపాలు తీసేవారు. చేపతో వండిన వంటకంలో బాదంపాలూ, చక్కెరా కలిపేవారు. పేదవారి ఉపవాసం ఉప్పుచేప, గంజి, కందమూలాలు. కలవారి ఉపవాసం తియ్యనిది. నియమం అందరికీ ఒకటే అయినా, దాని బరువు మాత్రం అందరిమీద ఒకేలా పడలేదు.

వెన్నకు వెల, చేపకు చట్టం

ఉత్తర ఐరోపాలో ఆలివ్ నూనె దొరకదు. అక్కడివారికి వెన్న లేని నలభై రోజులు నిజంగానే కష్టకాలం. రుసుము చెల్లించి మినహాయింపు పొందే పద్ధతి ఇందుకే పుట్టింది. ఫ్రాన్సులోని రువాన్ ప్రధానాలయానికి పదిహేనవ శతాబ్ది చివర మొదలై పదహారవ శతాబ్ది ఆరంభంలో పూర్తయిన గోపురాన్ని నేటికీ వెన్నగోపురమనే పిలుస్తారు. శ్రమకాలంలో వెన్న తినే అనుమతికోసం భక్తులిచ్చిన సొమ్ముతో కట్టినదన్న ప్రసిద్ధి దానికుంది. లూథర్ 1520లో జర్మన్ ప్రభువర్గానికి రాసిన ప్రకటనలో ఈ వ్యాపారాన్ని ఎత్తిపొడిచాడు. 1522 శ్రమకాలంలో జ్యూరిక్ నగరంలో ముద్రాపకుడు క్రిస్టోఫ్ ఫ్రోషౌవర్ ఇంట్లో కొందరు సాసేజీలు తిన్నారు. అక్కడే ఉన్న జ్వింగ్లీ తాను తినలేదు గాని, తిన్నవారిని సమర్థిస్తూ ప్రసంగించి, దానిని పుస్తకంగా అచ్చువేయించాడు. స్విట్జర్లండ్ మతసంస్కరణకు ఈ సాసేజీలే నాంది అనడం పరిపాటి.

ఇంగ్లండ్ పరిస్థితి మరీ విలక్షణం. రోమ్‌తో తెగతెంపులైన తరువాతకూడా అక్కడి ప్రభుత్వం మాంసనిషేధ దినాలను కొనసాగించింది. కారణం భక్తి కాదు, నౌకాబలం. చేపలవేట సాగితేనే నావికులు తయారవుతారు. 1563 నాటి చట్టం బుధవారాన్నికూడా చేపలరోజుగా ప్రకటించింది. చేప తినడం ఆత్మరక్షణకు అవసరమని ఎవరైనా బోధిస్తే అబద్ధపు వార్తలు వ్యాపింపజేసినవారిగా శిక్షించాలని ఆ చట్టమే చెప్పింది. ఉపవాసాన్ని నిర్బంధిస్తూ, దానికి మతపరమైన అర్థం చెప్పడాన్ని నేరంచేసిన ఇటువంటి శాసనం చరిత్రలో అరుదు.

అట్లాంటిక్ ఆవలినుండి వచ్చిన చాక్లెట్టు కథోలిక దేశాల్లో కొత్త చిక్కు తెచ్చింది. ద్రవం ఉపవాసాన్ని భంగపరచదన్నది పాత సూత్రం. మరి చక్కెర కలిపి చిక్కగా కాచిన చాక్లెట్టు పానీయమా, ఆహారమా? ఆంటోనియో డి లియోన్ పినెలో 1636లో మాడ్రిడ్‌లో ఈ ఒక్క ప్రశ్నమీదనే గ్రంథం ప్రకటించాడు. 1664లో కార్డినల్ బ్రాంకాచియో దానిని పానీయంగానే నిర్ణయిస్తూ మరో గ్రంథం రాశాడు. ఇంత సూక్ష్మంగా సాగిన వాదంలోనూ దోషి స్థానంలో నిలబడినది చాక్లెట్టే, చక్కెర కాదు.

గిన్నెలోకి వచ్చిన రక్తం

1640ల తరువాత బార్బడోస్, ఆపైన జమైకా తోటల్లో ఆఫ్రికానుండి బలవంతంగా తెచ్చిన బానిసల శ్రమతో చక్కెర ఉత్పత్తి ఇబ్బడిముబ్బడి అయింది. ఇంగ్లండ్‌లో మనిషికి ఏడాదికి 1700 ప్రాంతంలో సుమారు 4 పౌన్ల చక్కెర ఖర్చయ్యేది. 1800 నాటికి అది సుమారు 18 పౌన్లకు పెరిగింది. టీతో జతకట్టి చక్కెర రాణివాసంనుండి కూలివాని కప్పులోకి దిగింది. మందు ఆహారమైంది. ఇక దానిని మానడమన్నదానికి అర్థం ఏర్పడింది. లేనిదానినీ అరుదైనదానినీ ఎవరూ త్యాగం చేయలేరు.

అయితే చక్కెరను మానడం ఒక నైతికకార్యమని తొలిసారి పెద్దయెత్తున చాటినది చర్చి పంచాంగం కాదు. 1791లో బ్రిటిష్ పార్లమెంటు బానిసవ్యాపార నిషేధ ప్రతిపాదనను తిరస్కరించింది. ఆ ఏడాదే విలియం ఫాక్స్ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. వెస్టిండియన్ చక్కెరనూ, రమ్మునూ మానండని ప్రజలకు విజ్ఞప్తి చేశాడు. ఆయన లెక్క సూటిగా ఉంటుంది: వారానికి 5 పౌన్ల చక్కెర వాడే కుటుంబం 21 నెలలు దానిని మానితే ఒక మనిషి బానిస కాకుండా, హతుడు కాకుండా తప్పించినట్లే. థామస్ క్లార్క్‌సన్ అంచనా ప్రకారం సుమారు 3 లక్షలమంది ఈ పిలుపును పాటించారు. ఇంటి సరుకుల నిర్ణయం స్త్రీలది కావడంవల్ల, ఓటుహక్కు లేని వారికి ఇది ఒక రాజకీయమార్గమైంది. ఈ ఉద్యమానికి వెన్నెముకగా నిలిచిన క్వేకర్లు శ్రమకాలాన్ని అసలు పాటించరు. దినాలకు ప్రత్యేక పవిత్రత లేదని వారి విశ్వాసం. కనుక ఈ వర్జనానికీ శ్రమకాల దీక్షకూ వంశవృక్షం గీయడం సబబు కాదు. కాని తీపిని మానడంలో ఆత్మశుద్ధితోపాటు ఇతరుల బాధను గుర్తించడంకూడా ఉండవచ్చునన్న భావం ఆంగ్లభాషా ప్రపంచంలో అప్పుడే వేళ్ళూనింది.

దీనికి కొనసాగింపుగా 1820లలో ఈస్టిండియా చక్కెర వాడండన్న ప్రచారం సాగింది. ఇది బానిసలు చేసినది కాదన్న రాత ఉన్న చక్కెరగిన్నెలు బ్రిటన్ ఇళ్ళలో వెలిశాయి. ఆ రాతలో అర్ధసత్యమే ఉంది. భారతదేశంలో బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపు తొలగినది 1843 నాటి అయిదవ చట్టంతోనే. 1833లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలన చట్టం వచ్చాక, తోటల యజమానులు వెట్టిని ఒప్పందపత్రం రూపంలోకి మార్చారు. తెలుగువారికి ఈ చరిత్రతో సంబంధం ఏర్పడినది ఇక్కడే. కోరంగి రేవునుండి మారిషస్‌కు, 1860నుండి మద్రాసు మీదుగా నేటాల్‌కు, 1903నుండి ఫిజీకి వెళ్ళిన కూలీల్లో తెలుగువారు గణనీయం. వారు నరికిన చెరకే చక్కెరగా మారి సామ్రాజ్యపు కప్పుల్లో కరిగింది. ఈస్టిండియా గిన్నెమీది మాటను నమ్మినవారి మనుమలు తాగిన టీలో ఈ శ్రమ ఎవరికీ కనిపించలేదు. ఆ కూలీలకోసం ఫాక్స్ పుస్తకంవంటిది విస్తృతంగా చదివిన దాఖలా చక్కెర చరిత్రలో లేదు.

నియమంనుండి నిర్ణయానికి

మింట్జ్ లెక్కల్లో 1900 నాటికి ఆంగ్లేయుల ఆహారశక్తిలో దాదాపు అయిదోవంతు చక్కెరనుండే వచ్చేది. అదే కాలంలో కథోలిక నియమాలు సడలుతూ వచ్చాయి. 1917 నాటి చర్చి ధర్మశాస్త్రం మాంసాన్నీ, మాంసరసాన్నీ మాత్రమే వర్జ్యంగా ఉంచి గుడ్లనూ పాలనూ అనుమతించింది. 1966 ఫిబ్రవరిలో పోపు ఆరవ పౌలు వెలువరించిన 'పీనిటెమిని' నిర్బంధ ఉపవాసాన్ని విభూది బుధవారానికీ, శుభశుక్రవారానికీ కుదించింది. వర్జనానికి బదులు దానధర్మాలనూ ప్రార్థననూ నిర్దేశించే వెసులుబాటును ఆయాదేశాల బిషప్పుల సభలకు ఇచ్చింది. మిగిలిన రోజుల్లో ఏం మానాలన్నది వ్యక్తి నిర్ణయమైంది.

ఈ మార్పు స్వభావం తెలుగు పాఠకులకు వెంటనే బోధపడుతుంది. ఏకాదశినాడు ధాన్యం కూడదన్నది ఆచరించేవారందరికీ ఉమ్మడి నియమం; పాలూ పండ్లూ బెల్లమూ అక్కడ ఫలహారమే. కాశీకి వెళ్ళినవారు తమకిష్టమైన కాయనో పండునో వదలివేయడం మరో తరహా. ఏది వదలాలో ఎవరికి వారే ఎంచుకొంటారు. శ్రమకాలం మొదటి తరహానుండి రెండవదానికి జరిగింది. తేడా ఒక్కటే. కాశీలో వదలినది జీవితాంతం వదలినట్లే. లెంట్‌లో వదలినది ఈస్టర్ ఉదయాన తిరిగివస్తుంది. ఇష్టమైనదానిని ఎంచుకొనే స్వేచ్ఛ వచ్చాక పారిశ్రామికసమాజం చక్కెరను ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. తూర్పు సంప్రదాయంలో పాత నియమం బలంగా ఉన్నచోట పరిస్థితి వేరు. గ్రీకు ఆర్థడాక్సు ఇళ్ళలో నువ్వుల ముద్దకు చక్కెరపాకం చేర్చిన హల్వా నేటికీ ఉపవాసకాలపు మిఠాయే.

ఈస్టర్ గుడ్డు కథకూడా దీనితో ముడిపడినదే. నలభై రోజులు ముట్టని గుడ్లు పోగుపడి పండుగనాడు రంగులతో పంచిపెట్టడానికి వచ్చేవి. గుడ్లమీద నిషేధం పోయాక వాటిని పండుగనాడు పంచడంలో పాత ఆనందం తగ్గింది. 1873లో ఫ్రై, 1875లో క్యాడ్‌బరీ సంస్థలు చాక్లెట్టు గుడ్లను విపణిలోకి తెచ్చాయి. వర్జ్యపదార్థం మారినట్లే పారణపదార్థమూ మారింది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ దీక్షకు మరో పరీక్ష పెట్టింది. 1940 జనవరి 8న బ్రిటన్‌లో పందిమాంసం, వెన్న, చక్కెరలకు రేషన్ విధించారు. చక్కెరమీద అది 1953 సెప్టెంబరువరకు సాగింది. పదమూడేళ్ళపాటు ప్రభుత్వమే కొలిచి ఇచ్చిన చక్కెరను శ్రమకాలంలో మానిన పిల్లవాడి త్యాగాన్ని, అంగళ్ళు నిండిన కాలపు త్యాగంతో ఒకే త్రాసులో తూచలేము.

2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆహారానికి అదనంగా చేరే చక్కెరలనుండి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతానికి మించరాదని సూచించింది. 5 శాతానికి తగ్గితే మరింత మేలన్నది. అప్పటినుండి శ్రమకాల చక్కెరదీక్ష దేహం బరువు తగ్గించే పథకంగా మారిపోతున్నదన్న విమర్శ మరింత గట్టిగా వినిపిస్తున్నది. విమర్శ సహేతుకమే అయినా, అందులోని చరిత్రదృష్టి లోపభూయిష్టం. వైద్యమూ ఉపవాసమూ వేర్వేరుగా ఉన్న కాలం ఎప్పుడూ లేదు. అక్వినాస్ లేహ్యానికి ఇచ్చిన మినహాయింపే వైద్యంమీద ఆధారపడినది. పదమూడవ శతాబ్దంలో ఉపవాసికి చక్కెర తగినది, అది మందు గనుక. ఇరవైఒకటవ శతాబ్దంలో తగనిది, అది వ్యాధికి కారణం గనుక.

తెలుగు కథోలిక కుటుంబాల్లో తపస్సుకాలంలో మానేది నేటికీ ప్రధానంగా మాంసమే. ఇక్కడి పల్లెల్లో పంచదార టీ, కాఫీలతోపాటు ఇరవయ్యవ శతాబ్దంలో నిత్యవాడుకలోకి వచ్చింది. అంతకుముందు తీపి అంటే పండుగనాటి బెల్లం. వారానికోసారి ఆదివారం వండుకొనే కూరను మానడంలో ఉన్న కష్టం, అరుదుగా నోటికందే తీపిని మానడంలో ఉండదు.