సుంగై నిపా నేర్పిన పాఠం



మన సంఘం సాంస్కృతికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని పెద్దలు కోరారు. ఓడల ప్రయాణం గురించీ, తోటల్లో వెలసిన రామమందిరాల గురించీ ఇదివరకే పలువురు వ్రాసి ఉన్నారు. మేమేమి వ్రాయాలా అని ఆలోచిస్తుండగా మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న జ్ఞాపకం వచ్చింది. ఆ అమ్మాయి పై చదువుకు సూక్ష్మజీవశాస్త్రం తీసుకోవాలనుకుంటోంది. వాళ్ళ ఇంట్లో అందరికీ అనుమానమే. "మాస్టారూ, ఆ ప్రొఫెసర్లు ఒక్కొక్కరు ఒక్కొక్క క్రిమిని పట్టుకొని ఇరవై ముప్పై ఏళ్ళు పరిశోధన చేస్తారట. దానివల్ల మనకేమి లాభం అని మా నాన్నగారు అడుగుతున్నారు. ఏమి చెప్పను?" అన్నది.

ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసమే ఆ జవాబు. మేము ఈ దేశంలో పుట్టిన మూడవ తరం వాళ్ళం, రాత్రి బడిలో తెలుగు నేర్చుకున్నవాళ్ళం. భాషలో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి.

మొదట మా ఇంటి సంగతి ఒకటి చెబుతాము. మా తాతగారు విశాఖపట్నం వైపు నుండి తమ్ముడితో కలిసి మలయా రబ్బరు తోటకు వచ్చారు. తమ్ముడు రెండేళ్ళు తిరక్కుండానే కన్నుమూశాడు. దేనివల్ల అని అడిగితే మా నాయనమ్మ ఒక్కటే మాట చెప్పేది: "జ్వరం." ఏ జ్వరమో ఆమెకు తెలియదు, తోట డ్రెస్సరుకూ తెలిసి ఉండదు. మీ ఇళ్ళలో కూడా ఇటువంటి పేరులేని జ్వరం ఒకటి ఉండే ఉంటుంది. విచారించి చూడండి.

ఆ జ్వరాలకు పేర్లు పెట్టే పని ఈ దేశంలో చాలాకాలం క్రితమే మొదలైంది. కౌలాలంపూర్‌లో వైద్య పరిశోధనా సంస్థను 1900లో స్థాపించారు. దానికి మూడేళ్ళ ముందు, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. తెలుగు నేల మీద తేలిన ఆ సత్యం తెలుగు కూలీలు పనిచేసే ఈ నేలకు త్వరలోనే ఉపయోగపడింది. 1901లో క్లాంగ్‌లో డాక్టర్ మాల్కం వాట్సన్ చిత్తడి నేలల్లో కాలువలు త్రవ్వించి, నీరు తీయించి, మలేరియాను తగ్గించి చూపించాడు. 1921లో ఆ పరిశోధనా సంస్థకే చెందిన స్టాంటన్, ఫ్లెచర్ అనే ఇద్దరు మట్టిలోనూ నీటిలోనూ ఉండే ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బుకు మెలియాయిడోసిస్ అని పేరు పెట్టారు. 1948లో పొదల్లోని చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి క్లోరాంఫెనికాల్ అనే మందు పనిచేస్తుందని రుజువైంది కూడా కౌలాలంపూర్‌లోనే. ఈ జబ్బులన్నీ ఎక్కువగా ఎవరికి వచ్చేవి? మట్టి త్రవ్వేవారికి, పొదలు నరికేవారికి. అంటే మనవాళ్ళకు, మనవంటివాళ్ళకు.

మలయా విశ్వవిద్యాలయం 1962 జనవరి 1న కౌలాలంపూర్‌లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. ఆ తరువాత వైద్య కళాశాల, దానిలో వైద్య సూక్ష్మజీవశాస్త్ర శాఖ ఏర్పడ్డాయి. ఆ శాఖలోని ఆచార్యులు ఏ ఏ విషయాలు ఎన్నుకున్నారో చూస్తే ఆ అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ప్రొఫెసర్ లామ్ సాయ్ కిట్ డెంగీ మొదలైన వైరస్‌లను చదివారు. ప్రొఫెసర్ సావిత్రి పుతుచ్చేరి మెలియాయిడోసిస్ మీద ఎన్నో ఏళ్ళు శ్రమించారు. మధుమేహం ఉన్నవారికి ఆ జబ్బు త్వరగా సోకుతుంది. మన ఇళ్ళలో చక్కెర జబ్బు ఎంత ఉన్నదో అందరికీ తెలుసు. కనుక తోటపని చేసే పెద్దలు కాళ్ళకు బూట్లు వేసుకోవడం మంచిది. ఇదంతా ప్రొఫెసర్ల సరదా కొద్దీ ఎన్నుకున్న చదువు కాదు. ఈ దేశపు ఆసుపత్రి మంచాల మీద ఎవరు పడుకొని ఉన్నారో చూసి ఎన్నుకున్నది.

మిగిలిన సగం జవాబు 1998లో దొరికింది.

ఆ సంవత్సరం సెప్టెంబరు చివరలో పేరాక్ రాష్ట్రంలో ఈపో దగ్గర పందులు పెంచేవారికి తీవ్రమైన జ్వరం, తలనొప్పి వచ్చి, స్పృహ తప్పి, కొందరు చనిపోసాగారు. కొందరి రక్తంలో జపనీస్ మెదడువాపు వ్యాధి గుర్తులు కనిపించాయి. ఆ వ్యాధి ఈ దేశానికి పాతదే. అది పందుల నుండి దోమల ద్వారా మనుషులకు వస్తుంది. కనుక అదేనని నిర్ణయించి దోమలకు పొగ కొట్టించారు, టీకాలు వేయించారు. అప్పటికి తెలిసినంతలో అది తప్పు అనలేము. కాని జబ్బు ఆగలేదు. ఈపో దగ్గరి పందులను దక్షిణానికి అమ్మారు. వాటితో పాటు జబ్బు కూడా నెగెరి సెంబిలాన్‌కు దిగి, బుకిట్ పెలండుక్, సుంగై నిపా గ్రామాలను పట్టుకొన్నది. రోగులలో చాలామంది చీనా రైతులు. ఆ ఫారాలలో కూలికి పనిచేసే మన భారత సంతతి వాళ్ళు కూడా ఉన్నారు.

అప్పట్లో మేము బడిలో పనిచేస్తున్నాము. పిల్లల చేతులకు పొడవు చొక్కాలు వేసి పంపండి, దోమలు కుట్టకుండా చూడండి అని తల్లిదండ్రులకు మేమే చెప్పాము. మంచి మాటే, కాని ఆ జబ్బుకు సంబంధించిన మాట కాదు.

జాగ్రత్తగా చూసినవారికి కొన్ని విషయాలు పొసగలేదు. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ఇక్కడ పడిపోతున్నవారు పని చేసే వయసులోని మగవారు. టీకా వేసుకున్నవారికి కూడా వస్తున్నది. దోమ ఐతే ఇల్లూ కులమూ చూడకుండా అందరినీ కుడుతుంది. కాని పక్కనే ఉండి పందులను తాకని ఇళ్ళవారికి ఏమీ కావడం లేదు. పైగా పందులు కూడా గట్టిగా దగ్గుతూ చచ్చిపోతున్నాయి. మనుషుల్లో వ్యాధి లేపే దోమకాటు వైరస్ పెద్ద పందులను అలా చంపదు.

1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయపు ఆ సూక్ష్మజీవశాస్త్ర శాఖలోనే డాక్టర్ చువా కా బింగ్ ఒక రోగి వెన్నెముక నుండి తీసిన ద్రవాన్ని ప్రయోగశాలలో పెంచే కణాల మీద వేసి చూశారు. ఆ రోగి సుంగై నిపా గ్రామస్థుడు. కొద్ది రోజులకు కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద పెద్ద ముద్దలైనాయి. జపనీస్ మెదడువాపు వైరస్ అలా చేయదు. ఆయన ఆ నమూనాను తీసుకొని అమెరికా వెళ్ళారు. అక్కడ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే అది తట్టు, గవదబిళ్ళల వైరస్‌ల కుటుంబానికి చెందినదని తేలింది. 1994లో ఆస్ట్రేలియాలో గుర్రాలనూ, వాటి శిక్షకుణ్ణీ బలిగొన్న హెండ్రా వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. లోకానికి పూర్తిగా కొత్తది.

పేరు మారగానే పని మారింది. దోమల పొగ వదిలి పందుల రాకపోకలు ఆపారు. సైన్యం దిగి పది లక్షలకు పైగా పందులను చంపింది. మే నెలాఖరుకు జబ్బు ఆగింది. అప్పటికి ఈ దేశంలో 265 మందికి వచ్చి 105 మంది చనిపోయారు. సింగపూరులో పందులను కోసే చోట పనిచేసేవారిలో 11 మందికి సోకి ఒకరు పోయారు. ఎన్నో కుటుంబాలకు జీవనాధారం పోయింది. సెప్టెంబరు నుండి మార్చి వరకు, దాదాపు అర్ధ సంవత్సరం, తప్పు పేరుతో గడిచింది. పేరులేని జ్వరం మా చిన్న తాతను తీసుకుపోయింది. తప్పు పేరున్న జ్వరం ఆ ఊళ్ళవారిని తీసుకుపోయింది.

పరిశోధన అక్కడితో ఆగలేదు. పందులకు ఎక్కడి నుండి వచ్చింది? హెండ్రా వైరస్ గబ్బిలాలలో ఉంటుంది గనుక ఇక్కడా గబ్బిలాలనే అనుమానించారు. మలాయివారు కెలువాంగ్ అని పిలిచే పెద్ద పండ్ల గబ్బిలాలు ఇవి. జొహోర్‌లోని క్లువాంగ్ పట్టణానికి వీటి వల్లనే ఆ పేరు వచ్చిందంటారు. డాక్టర్ చువా బృందం తియోమాన్ ద్వీపంలో గబ్బిలాలు వ్రేలాడే చెట్ల క్రింద ప్లాస్టిక్ పట్టాలు పరచి మూత్రపు చుక్కలు సేకరించింది. ఆ చుక్కల్లోనూ, గబ్బిలం కొరికి వదిలిన పండులోనూ అదే వైరస్ దొరికింది. 2002లో ఆ సంగతి ప్రకటించారు. ఈపో దగ్గరి ఫారంలో పందుల దొడ్ల ప్రక్కనే మామిడి చెట్లు ఉండేవి. గబ్బిలాలు కొరికిన పండ్లు దొడ్డిలో పడ్డాయి, పందులు తిన్నాయి. గబ్బిలాన్ని తిట్టి లాభం లేదు. దాని భోజనశాల క్రింద మన దొడ్డి కట్టాము.

ఆ తరువాత ఈ వైరస్ మలేషియాలో మళ్ళీ రాలేదు. కాని 2001లో బంగ్లాదేశ్‌లోనూ, మన భారతదేశంలో సిలిగురిలోనూ కనబడింది. 2018లో కేరళలో కోళికోడ్ ప్రాంతంలో వచ్చి 17 మందిని బలిగొన్నది. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు మూతి పెట్టిన ఈత కల్లు వంటి తీపి రసం త్రాగినందువల్ల వచ్చింది. ఆ దేశాలలో రోగికి సేవ చేసినవారికి కూడా సోకింది. అక్కడి వైద్యులు దానిని గుర్తుపట్టగలిగారంటే, 1999లో కౌలాలంపూర్‌లో ఒక ప్రయోగశాల దానికి గుర్తు చెప్పింది కాబట్టి.

ఇంకొక మాట. 'నిపా' అంటే మడ అడవుల్లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు. దాని ఆకులతో కుట్టిన అత్తాపు కప్పుల క్రిందనే మన పెద్దలు చాలామంది తొలి రాత్రులు నిద్రపోయారు. ఆ మంచి చెట్టు పేరు, ఆ చెట్టు పేరు పెట్టుకొన్న చిన్న ఊరి పేరు, ఈనాడు లోకమంతటా ఒక జబ్బుకు పేరయింది. ఆ ఊరివారికి అది బాధే. ఊళ్ళ పేర్లు జబ్బులకు పెట్టవద్దని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. సరైన పేరు పెట్టడం ఎంత అవసరమో, ఎవరినీ నొప్పించని పేరు పెట్టడం కూడా అంతే అవసరం.

కాబట్టి అమ్మా, మీ నాన్నగారితో ఇలా చెప్పు. ఒక ప్రొఫెసరు ముప్పై ఏళ్ళు ఒక్క క్రిమినే చూస్తూ కూర్చుంటే, ముప్పై ఒకటవ ఏట వేరొక క్రిమి వచ్చినప్పుడు "ఇది అది కాదు" అని చెప్పగలుగుతాడు. ఆ ఒక్క మాట కోసమే ఆ ముప్పై ఏళ్ళు. మా చిన్న తాత మంచం ప్రక్కన ఆ మాట చెప్పేవారు ఎవరూ లేకపోయారు. మన పిల్లల మంచాల ప్రక్కన ఉండాలి. వారిలో ఒకరు నీవే కావచ్చు. వెళ్ళి చదువుకో. తెలుగు తరగతికి మాత్రం మానకుండా రా.