బూర్గుల రామకృష్ణారావు

బూర్గుల రామకృష్ణారావు (1899–1967) వృత్తిరీత్యా వకీలు. హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికల ద్వారా వచ్చిన ఏకైక ముఖ్యమంత్రి, కేరళ తొలి గవర్నరు, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నరు. తెలంగాణలో ఆయన పేరు చెప్పగానే 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం గుర్తుకొస్తుంది. దేశ రాజ్యాంగ చరిత్రలో మాత్రం ఆయన తిరువనంతపురం రాజ్‌భవన్‌లో గడిపిన మూడున్నరేళ్లకే ఎక్కువ చోటు దక్కింది.

1899 మార్చి 13న అప్పటి మహబూబ్‌నగర్ ప్రాంతంలోని పడకల్లులో పుట్టారు. ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గరి స్వగ్రామం బూర్గుల పేరే కుటుంబానికి స్థిరపడింది. హైదరాబాదులో స్కూలు చదువు, పుణె ఫెర్గూసన్ కళాశాలలో బి.ఏ., 1923లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా. తిరిగొచ్చి హైదరాబాదులో వకాలతు మొదలుపెట్టారు. నిజాం కోర్టుల భాష ఉర్దూ. ఉర్దూ, పారసీకాలలో గట్టి పట్టున్న బూర్గులకు అది ఇబ్బంది కాలేదు. సంస్కృతం, మరాఠీ కూడా బాగా వచ్చు. తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేశారు.

వకాలతుకు ముందే ప్రజా జీవితం మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ఆవరణలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోలచేసి సాగనివ్వలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. వారిలో బూర్గుల ఒకరు. 1931లో దేవరకొండలో జరిగిన రెండో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌లో చేరి జైలుకూ వెళ్లారు. అయినా ఆయనది వీధి పోరాటాల స్వభావం కాదు. అర్జీ, చర్చ, రాజీ ఆయన దారి. వామపక్షాలే కాదు, సొంత పార్టీలోని అతివాదులూ దీన్ని తప్పుపట్టారు.

1950లో కేంద్రం నియమించిన వెల్లోడి ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి. రక్షిత కౌలుదారులకు భూమి మీద హక్కు ఇచ్చిన 1950 కౌలుదారీ చట్టం అమలు భారం ఆ శాఖదే. తెలంగాణలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ఇంకా చల్లారని రోజులవి. 1952 మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆరు నెలలు తిరక్కుండానే ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న ముల్కీ ఆందోళన చెలరేగి, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తెలంగాణలో ఎక్కువమంది ఆంధ్రతో విలీనానికి వ్యతిరేకమేనని కాంగ్రెస్ అధ్యక్షుడు యు.ఎన్. ఢేబర్‌కు రాసిన ఆయనే, అధిష్ఠానం నిర్ణయించాక 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేశారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ముఖ్యమంత్రి పదవి నీలం సంజీవరెడ్డికి దక్కింది. మూడు వారాలకు, నవంబరు 22న, బూర్గుల కేరళ గవర్నరయ్యారు.

1957 ఏప్రిల్ 5న ఆయన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ కమ్యూనిస్టు మంత్రివర్గం చేత ప్రమాణం చేయించారు. వారం తిరక్కుండానే కౌలుదారుల బేదఖళ్లను ఆపే ఆర్డినెన్సు గవర్నరు పేరిట వెలువడింది. తెలంగాణలో కమ్యూనిస్టులతో తలపడిన రెవెన్యూ మంత్రికి ఈ వ్యవహారం కొత్తేమీ కాదు.

చిక్కు విద్యా బిల్లుతో వచ్చింది. ప్రైవేటు బడుల్లో ఉపాధ్యాయుల నియామకం, జీతాలపై ప్రభుత్వానికి అజమాయిషీ ఇచ్చే ఆ బిల్లును శాసనసభ 1957 సెప్టెంబరులో ఆమోదించింది. క్రైస్తవ సంస్థలు, నాయర్ సర్వీస్ సొసైటీ ఎదురు తిరిగాయి. బూర్గుల సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. రాష్ట్రపతి పరిశీలనకు నివేదించారు. రాష్ట్రపతి 143వ అధికరణం కింద సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. కొన్ని నిబంధనలు మైనారిటీల విద్యాసంస్థల హక్కుకు భంగకరమని 1958 మే 22న కోర్టు చెప్పింది. ఆ మేరకు సవరణలు చేశాకే బిల్లు చట్టమైంది. వకీలు గవర్నరుగా ఉంటే కలిగే మేలు ఇక్కడ కనబడుతుంది.

1959లో అదే వకీలు చేసిన పని వేరు. నాయర్ సర్వీస్ సొసైటీ నేత మన్నత్తు పద్మనాభన్ నాయకత్వంలో, ఇ.ఎం.ఎస్. ప్రభుత్వానికి వ్యతిరేకంగా సాగిన ‘విమోచన సమరం’ రాష్ట్రాన్ని ఊపేసింది. జూన్ 13న అంగమాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. శాసనసభలో మెజారిటీ చెక్కుచెదరకపోయినా, రాజ్యాంగబద్ధ పాలన సాగే స్థితి లేదంటూ గవర్నరు నివేదిక పంపారు. జూలై 31న రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒత్తిడి ఢిల్లీ నుంచి, కాంగ్రెస్ అధ్యక్షురాలు ఇందిరాగాంధీ నుంచి వచ్చిందన్నది అందరికీ తెలిసిన సంగతే. అయినా సభలో బలం ఉన్న ప్రభుత్వాన్ని వీధుల్లోని అలజడి చూపి దించడానికి చట్టపు ముసుగు ఆ నివేదికే ఇచ్చింది. విద్యా బిల్లుకు కోర్టు అభిప్రాయం కోసం ఆగిన జాగ్రత్త ఇక్కడ లేకపోయింది.

1960 జూలై 1న ఒక వింత మార్పిడి జరిగింది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన వి.వి. గిరి లక్నో నుంచి కేరళకు, బూర్గుల కేరళ నుంచి లక్నోకు మారారు. తెలుగు న్యాయవాదులిద్దరూ రాజ్‌భవన్లు మార్చుకున్నారన్నమాట!

ఉత్తరప్రదేశ్ పదవీకాలం 1962 ఏప్రిల్‌లో ముగిసింది. అక్కడ చెప్పుకోదగ్గ సంఘర్షణ లేదు. ఆ తర్వాత 1966 దాకా రాజ్యసభ సభ్యులు. జగన్నాథ పండితుని లహరులను ‘పండితరాజ పంచామృతం’గా తెనిగించారు, సాహిత్య వ్యాసాలు రాశారు. 1967 సెప్టెంబరులో కన్నుమూశారు. హైదరాబాదులో ఆయన పేరిట ఉన్న బి.ఆర్.కె.ఆర్. భవన్, పాత సచివాలయాన్ని కూల్చినప్పుడు, 2023లో కొత్తది తెరిచేదాకా, తెలంగాణ తాత్కాలిక సచివాలయంగా పనిచేసింది.