బొహీమియన్ రాప్సొడీ

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ 1975 అక్టోబరు 31న విడుదల చేసిన పాట ఇది. ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’ ఆల్బంలోది. రచన, స్వరకల్పన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీవి. జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నవాడు. 5 నిమిషాల 55 సెకన్ల ఈ పాటలో తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదు. వాద్యాలేవీ లేని బృందగానంతో మొదలై, పియానో మీద విషాదగీతంగా సాగి, గిటార్ విన్యాసం దాటి ఒపేరాలోకి, అక్కడి నుంచి హోరెత్తే రాక్‌లోకి వెళ్లి, చివరికి నెమ్మదిస్తుంది. దీన్ని పూర్తిగా మెర్క్యురీ ఒక్కడి ఊహాశక్తికి కట్టబెట్టడం పరిపాటి. అందులో నిజం సగమే. రికార్డింగ్ టేపు కూడా ఈ పాటలో ఒక వాద్యమే.

రికార్డింగ్ 1975 ఆగస్టులో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో మొదలైంది. బృందంతో కలిసి నిర్మాణం చూసినవాడు రాయ్ థామస్ బేకర్. ఒపేరా భాగం వింటే పెద్ద గాయకబృందం పాడినట్టుంటుంది. పాడింది మాత్రం మెర్క్యురీ, బ్రయాన్ మే, రోజర్ టేలర్ ముగ్గురే. అందరికన్నా పైస్థాయి అందుకున్నది డ్రమ్మర్ టేలర్. అప్పటి టేపులో 24 ట్రాకులే ఉండేవి. అవి నిండగానే కొన్నింటిని కలిపి తక్కువ ట్రాకుల్లోకి ఎక్కించి, ఖాళీ అయినచోట మళ్లీ పాడేవారు. ఒపేరా భాగం ఒక్కదానికే సుమారు మూడు వారాలు పట్టింది. యంత్రం మీద అన్నిసార్లు తిరిగేసరికి పూత అరిగి, టేపులోంచి వెలుతురు కనిపించేదని బృందం తర్వాత చెప్పుకుంది.

పాట మొత్తం మెర్క్యురీ మనసులో ముందే ఉందని తోటివారే చెప్పారు కదా అనవచ్చు. ఉంది. అయితే ఆయన ఊహించినది వేదిక మీద బృందంలోని నలుగురు వినిపించగల పాట కాదు. కచేరీల్లో ఒపేరా భాగం రాగానే నలుగురూ వేదిక దిగిపోయేవారు, టేపు మోగేది, రాక్ భాగానికి తిరిగి వచ్చేవారు. 1985 లైవ్ ఎయిడ్ కచేరీలో మెర్క్యురీ పియానో దగ్గర కూర్చుని విషాదగీతం వరకే పాడి, మరో పాటలోకి వెళ్లిపోయాడు. టేపు అవసరమయ్యేదాకా పాట వెళ్లనేలేదు.

పాటను నిలబెట్టింది వీడియో అన్నది రెండో అభ్యంతరం. బ్రూస్ గవర్స్ దర్శకత్వంలో ఎల్‌స్ట్రీలో తీసిన ఆ వీడియో మ్యూజిక్ వీడియోల చరిత్రలో మైలురాయే. కానీ అంతకు ముందే, రేడియోకు ఇంత నిడివి పనికిరాదన్న భయాన్ని పక్కనపెట్టి, లండన్ క్యాపిటల్ రేడియోలో వ్యాఖ్యాత కెన్నీ ఎవరెట్ ఒక్క వారాంతంలో 14 సార్లు వినిపించాడు. చెవితో విన్నవారే రికార్డు కోసం దుకాణాలకు వెళ్లారు. బ్రిటన్‌లో ఇది 9 వారాలు మొదటి స్థానంలో ఉంది. 1991 నవంబరులో మెర్క్యురీ మరణించాక మళ్లీ విడుదలై మళ్లీ మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో 1976లో 9వ స్థానం దగ్గర ఆగిన పాట, 1992లో ‘వేన్స్ వరల్డ్’ చిత్రం తర్వాత 2వ స్థానానికి ఎక్కింది. ఆ చిత్రంలో కుర్రాళ్లు కారులో గొంతు కలిపింది క్యాసెట్‌తోనే.