అందరికీ చెల్లే ‘నువ్వు’ లేని భాషలో సబ్‌టైటిళ్ళు

ఎస్ఆర్‌టీ ఫైలుని ఎప్పుడైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశారా? వరస సంఖ్య, మొదలు-ముగింపు సమయాలు, ఒకట్రెండు లైన్ల డైలాగు, ఓ ఖాళీ లైను. అంతే! ఇంగ్లీషు లైను తీసేసి మన లైను పెడితే సబ్‌టైటిల్ అయిపోతుంది కదా అనుకునేవాణ్ణి. వియత్నాం అభిమానుల కథ తెలిశాక అలా అనుకోవడం మానేశాను.

వియత్నాంకి ఇంటర్నెట్ వచ్చింది 1997లో. అక్కడి టీవీలో విదేశీ సినిమా అంటే చాలాసార్లు ఒకే గొంతు అన్ని పాత్రల మాటలూ చదివేస్తుంది. ఇక ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథలు, ‘హ్యాపీ టుగెదర్’ (1997), ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ (2005), థాయ్ సినిమా ‘లవ్ ఆఫ్ సియామ్’ (2007) లాంటివి ఆ భాషలో చూడాలంటే ఎవరో ఒకరు జీతం భత్యం లేకుండా కూర్చుని అనువదించాల్సిందే. ఎక్కువగా ఇంగ్లీషే వంతెన. దానికి తోడు ఎన్‌కోడింగ్ గోల. వాళ్ళ ప్రభుత్వం 2001లో యూనికోడ్‌ని ప్రమాణం చేసేదాకా టీసీవీఎన్3, వీఎన్ఐ అంటూ ఎవరి దారి వారిదే. మన పత్రికల ఫాంట్ల బాధ తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. వియత్నామీస్‌లో అందరికీ చెల్లే ‘నేను’, ‘నువ్వు’ లేవు. వరసని బట్టే పిలుపు. ‘ఆన్’ అంటే అన్న, ‘ఎమ్’ అంటే తమ్ముడో చెల్లో. ప్రేమికుల్లో, భార్యాభర్తల్లో మగవాడు ‘ఆన్’, ఆడది ‘ఎమ్’. మరి ఇద్దరూ మగవాళ్ళే అయితే? స్నేహితుల మాటల్లోనే ఉంచేస్తే అది స్నేహం కథ అయిపోతుంది. ‘ఆన్-ఎమ్’ అని రాస్తే ప్రేమ అని ఒప్పుకున్నట్టే. కానీ అప్పుడు ఎవరు ‘ఆన్’? ఏ సీను నుంచి? ఇంగ్లీషు ‘యు’ చాటున దాక్కోవచ్చు, ఇక్కడ కుదరదు. ఊరూపేరూ లేని ఓ అభిమాని రాత్రిపూట కూర్చుని తేల్చాలి, వీళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో.

చట్టం అప్పటికి తేల్చలేదు మరి. సారీ, తేల్చింది! 2000 నాటి కుటుంబ చట్టం స్వలింగ వివాహాన్ని నిషేధించింది. హనోయ్‌లో మొదటి ప్రైడ్ ఊరేగింపు 2012లో జరిగింది. 2014లో చేసిన కొత్త చట్టం 2015 జనవరి 1 నుంచి ఆ నిషేధాన్ని ఎత్తేసింది గానీ, అలాంటి పెళ్ళిని గుర్తించనని అందులోనే రాసుకుంది. స్వలింగ ప్రేమ జబ్బు కాదని ఆరోగ్యశాఖ ఆసుపత్రులకి చెప్పింది 2022లో.

సబ్‌టైటిళ్ళ వల్లే ఇదంతా మారిందని నేననను. అవి కాపీరైట్ ఉల్లంఘన కాదనీ అనను. కానీ చట్టం గుర్తించని వరసని ఆ ఫైళ్ళు తెరమీద రాసి చూపించాయి. అదేం తక్కువ పని కాదు.

మన సంగతికొద్దాం. మన సినిమాల్లో భార్య ‘ఏమండీ’ అంటుంది, భర్త ‘నువ్వు’ అంటాడు. ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ని తెలుగులో రాయాలంటే ఎవరి చేత ‘మీరు’ అనిపిస్తారు? ‘ఒరేయ్’తోనే సరిపెట్టేస్తారా? నేనైతే ఇంకా తేల్చుకోలేదు. మీరు చెప్పండి.