దుంగ మోసినవాడికి యాభై

చైనీస్‌లో నమ్మకానికి 'షిన్' అని ఓ అక్షరం ఉంది. ఎడమ పక్క మనిషి, కుడి పక్క మాట. భలే ఉంది కదా! కానీ నమ్మకం గురించి అక్కడ అందరూ చెప్పుకునే కథని మాత్రం సగంలోనే ఆపేస్తారని నా ఫిర్యాదు.

కథ ఇదీ. క్రీ.పూ. 4వ శతాబ్దం, చిన్ రాజ్యం. షాంగ్ యాంగ్ అనే మంత్రి కఠినమైన కొత్త చట్టాలు తయారుచేశాడు. ప్రకటిస్తే జనం నమ్ముతారా అని అనుమానం. అందుకని రాజధాని అంగడి దక్షిణ ద్వారం దగ్గర సుమారు ఏడు మీటర్ల దుంగ నిలబెట్టించి, దీన్ని ఉత్తర ద్వారానికి మోసుకెళ్తే పది కొలతల బంగారం ఇస్తానన్నాడు. ఎవడూ కదల్లేదు. (మనమైనా అంతే. ఊరికే ఎవడిస్తాడండీ?) సరే, యాభై అన్నాడు. ఒకడు ధైర్యం చేసి మోశాడు. వెంటనే యాభై చేతిలో పెట్టారు. ఆ తర్వాతే చట్టాలు ప్రకటించాడు. 1912లో మావో స్కూల్లో ఉండగా దీనిమీదే వ్యాసం రాశాడు.

మిగతా సగం సిమా చియెన్ తన చరిత్రలో రాసే ఉంచాడు. క్రీ.పూ. 340లో షాంగ్ యాంగ్ పక్కనున్న వేయ్ రాజ్యం మీదకి దండెత్తాడు. అవతలి సేనాపతి ఆంగ్ పాత స్నేహితుడే. మనలో మనకి యుద్ధం ఎందుకు, కూర్చుని సంధి చేసుకుందామని కబురు పెట్టాడు. ఆంగ్ నమ్మి వచ్చాడు. విందులో ఉండగా దాచి ఉంచిన సైనికులతో అతన్ని బంధించి, ఆ సైన్యాన్ని చిత్తు చేశాడు.

రెండేళ్ళకి రాజు పోయాడు. రాజద్రోహం ఆరోపణతో షాంగ్ యాంగ్ పారిపోవాల్సి వచ్చింది. సరిహద్దు దగ్గర సత్రంవాడు, గుర్తింపు లేనివాళ్ళకి చోటిస్తే షాంగ్ యాంగ్ చట్టం ప్రకారం నాకు శిక్ష పడుతుంది పొమ్మన్నాడు! రూలు పెట్టిన బాసునే ఐడీ కార్డు లేదని సెక్యూరిటీవాళ్ళు గేటు దగ్గర ఆపినట్టు. వేయ్‌కి వెళ్తే, ఆంగ్‌ని మోసం చేసిన సంగతి వాళ్ళు మర్చిపోలేదు, రానివ్వలేదు. చివరికి చిన్ సైన్యం చేతిలోనే చచ్చాడు.

సత్రంవాడిని చూస్తే దుంగ ప్రయోగం నూటికి నూరుపాళ్ళు సక్సెస్. కాకపోతే జనం నమ్మింది చట్టం అమలై తీరుతుందని. అంతేగానీ షాంగ్ యాంగ్ నమ్మదగ్గ మనిషని కాదు. మొదటి రకం నమ్మకం యాభై ఇస్తే వచ్చింది. రెండో రకం, ఎదుటివాడు మనల్ని నమ్మి మన చేతికి చిక్కినప్పుడు మనం ఏం చేశామన్న దాన్ని బట్టి వస్తుంది. అతనికి ప్రాణం మీదకొచ్చిన రోజున కావాల్సింది ఆ రెండోదే.

ఈసారి ఎవరైనా దుంగ కథ చెప్తే, తర్వాత ఆంగ్ సంగతేమిటని అడగండి.